వాటర్‌షెడ్ పనులు మొదలయ్యే ముందే తేల్చుకోవలసినవి

మీ గ్రామానికి వాటర్‌షెడ్ పథకం (వాన నీటిని, మట్టిని కొట్టుకుపోకుండా ఆపే పనుల పథకం) మంజూరైందని, కమిటీ సభ్యుడిగా మొదట దేనిపై దృష్టి పెట్టాలని అడిగారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఉన్న మా ఊరి కమిటీలో నేను నాలుగేళ్లు పనిచేశాను. వంకకు అడ్డంగా కట్టే చిన్న ఆనకట్టను, అంటే చెక్‌డ్యాంను, ఎక్కడ కట్టాలో ఇంజనీరు చూసుకుంటాడు. దాని పూడిక ఎవరు తీయాలో, అందుకు డబ్బు ఎక్కడి నుంచి రావాలో మాత్రం మొదటి గ్రామసభలోనే తేలాలి.

మా కాలంలో అమలైన 2008 మార్గదర్శకాల ప్రకారం సొంత పొలంలో చేసే పనుల ఖర్చులో కనీసం 10 శాతం రైతు భరించాలి. ఎస్సీ, ఎస్టీ, సన్న, చిన్నకారు రైతులకైతే 5 శాతం. ఆ సొమ్ము వాటర్‌షెడ్ అభివృద్ధి నిధిలో చేరి, పథకం ముగిశాక మరమ్మతులకు పనికి రావాలి. మా దగ్గర తొలి ఏడాది రాతి కట్టలు వేసినప్పుడు ఆ వాటాను కూలీల కూలిలోనే కోసి, రసీదు రైతు పేర రాశారు. కూలీలు సభలో నిలదీసిన తరువాతే రైతులు నేరుగా కట్టడం మొదలైంది. తమ చేతి డబ్బు పడ్డాక ఆ రైతులే కట్ట దగ్గర నిలబడి, రాళ్ల సందుల్లో చిల్లరాళ్లు గట్టిగా దిగాయా లేదా అని వంగి చూడసాగారు.

వంకపై రెండు చెక్‌డ్యాంలు కట్టాం. పైదాని కింద పొలాలున్న ఆరుగురు ఏటా వేసవిలో ట్రాక్టరు బాడుగ పంచుకొని ఒండ్రును తమ చేన్లకు తోలుకుంటున్నారు. వేరుశనగ వేసే ఎర్ర నేలకు అది బలం కూడా. రెండోదానికి అలా బాధ్యులెవరూ లేరు. ఒక వానకు గోడ పక్క మట్టి కోసుకుపోయి, చేయి పట్టేంత సందు పడింది. బస్తా సిమెంటు, కాస్త రాయితో పోయేదాన్ని పంచాయతీ చూస్తుందని మేము, కమిటీ చూస్తుందని పంచాయతీ వదిలేశాం. మరుసటి ఏడు వంక ఆ పక్క నుంచే దారి చేసుకుంది. అందులో నా తప్పూ ఉంది.

ఇక బోర్ల సంగతి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో వాన నీటిని నేలలోకి ఇంకించే ఊట కుంట కట్టడం ఒక ఎత్తు, అందులో ఊరిన నీటిని కాపాడుకోవడం మరో ఎత్తు. కొత్త బోరుకు అనుమతి కావాలని, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు వేయరాదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం చెబుతుంది. కానీ రాత్రిపూట ఊళ్లోకి వచ్చే రిగ్గును (బోరు తవ్వే యంత్రాన్ని) ఆపగలిగేది ఊరి కట్టుబాటే. కుంట దగ్గర కొత్త బోర్లు వేయరాదని మేము ముందుగా తీర్మానం రాసుకోలేదు. రెండేళ్లలో కుంట చుట్టూ నాలుగు బోర్లు పడ్డాయి. వాటిలో ఒకటి మా అన్నదే కావడంతో సభలో నేను నోరు మెదపలేకపోయాను. మీరు ఆ తీర్మానం ముందే రాయించి, మొదటి సంతకాలు కమిటీ సభ్యుల ఇళ్లవారి చేతనే పెట్టించండి.