ఫౌండేషన్ కోర్సులో ఉన్నాడు, అయినా బేసిక్స్ వీక్ అంటున్నారు

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. ఏడో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ కోర్సులో ఉన్నాడు. రాత్రి పదిన్నర దాకా కూర్చొని చదువుతాడు. అయినా వీక్లీ టెస్టుల్లో మ్యాథ్స్, ఫిజిక్స్ మార్కులు సగం దాటడం లేదు. అడిగితే ‘బేసిక్స్ వీక్ మేడమ్’ అంటున్నారు. ఇన్‌స్టిట్యూట్ మార్చమంటారా? ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోగలడా?
– ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: ఇన్‌స్టిట్యూట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు బాబు రఫ్ నోటుబుక్ తెరవండి అమ్మా. మార్కులు పోయిన చోటు టెస్టు పేపర్లో కనిపించదు, రఫ్ వర్క్‌లో కనిపిస్తుంది.

ఈ మధ్య నా దగ్గరికి వచ్చిన ఒక తొమ్మిదో తరగతి పిల్లాడికి ఒక లెక్క ఇచ్చాను. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు బ్రేకు వేశాక 5 సెకన్లలో ఆగింది, త్వరణం ఎంత? ‘వీ ఈక్వల్స్ యూ ప్లస్ ఏటీ’ అని చక్కగా రాశాడు. యూ దగ్గర, అంటే తొలి వేగం దగ్గర, నేరుగా 54 వేశాడు. యూనిట్లు చూడమన్నాను. ‘అవును, 5/18తో గుణించాలి’ అన్నాడు. ఎందుకని అడిగితే ‘సార్ చెప్పారు’. సరే, చెయ్యమన్నాను. 54ని 5తో గుణించి 270 తెచ్చి, దాన్ని 18తో భాగించడానికి కూర్చున్నాడు. 54లో 18 మూడుసార్లు పోతుందని తట్టలేదు. ఎలాగో 15 వచ్చింది కానీ, అప్పటికి అసలు ఏం కనుక్కోవాలో మరిచిపోయి మళ్లీ ప్రశ్న చదివాడు. వేగం తగ్గుతోంది కాబట్టి మైనస్ రావాలి, చివరికి ఆ గుర్తు వదిలేసి 3 అని రాశాడు.

ఆ పిల్లాడికి ఫిజిక్స్ వచ్చు. తప్పులన్నీ ఆరు, ఏడు తరగతుల లెక్కల దగ్గరే జరిగాయి.

మన మెదడు ఒకేసారి పట్టుకోగలిగేవి కొన్నే. 1973లో ఛేజ్, సైమన్ అనే పరిశోధకులు చదరంగం ఆటగాళ్లకు నిజమైన ఆటలోని బోర్డును 5 సెకన్లు చూపించి, పావుల్ని తిరిగి పేర్చమన్నారు. మాస్టర్ చాలా వరకు సరిగ్గా పెట్టాడు, కొత్తవాడు కొన్నే పెట్టగలిగాడు. అవే పావుల్ని అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే మాస్టర్ ఆధిక్యం దాదాపు పోయింది. అంటే అతనిది గొప్ప జ్ఞాపకశక్తి కాదు, విడి పావులకు బదులు తెలిసిన గుంపులు చూస్తున్నాడు. మీ బాబుకు 54, 18 కలిపి కనిపించిన రోజున, మిగిలిన బుర్రంతా ఫిజిక్స్‌కే దొరుకుతుంది.

టీజీ ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. క్యాలిక్యులేటర్ ఉండదు. అక్కడ 270ని 18తో భాగిస్తూ కూర్చునే టైమ్ ఎక్కడిది?

(మన దగ్గర ఆరో తరగతి నుంచే ఐఐటీ అని ఫ్లెక్సీలు కడుతున్నారు. పేరు ఫౌండేషన్, కట్టేది మాత్రం మూడో అంతస్తు!)

అలాగని అన్నీ ఆపేసి ఏడాది పాటు ఎక్కాలు రుద్దించొద్దు. పిల్లాడికి విసుగొస్తుంది, ‘నేను వీక్’ అనే ముద్ర మనసులో పడుతుంది. ఇప్పుడు నడుస్తున్న పాఠం నుంచే వెనక్కి వెళ్లండి. 5/18 వచ్చిన రోజు అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి: కిలోమీటరుకు 1000 మీటర్లు, గంటకు 3600 సెకన్లు, 1000/3600. ఈ నిష్పత్తి పట్టుబడితే పదో తరగతి త్రికోణమితిలో సైన్ అంటే రెండు భుజాల నిష్పత్తే కదా అని అతనికే అనిపిస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీలో 18 గ్రాముల నీళ్లు ఒక మోల్ అయితే 45 గ్రాములు ఎన్ని మోల్స్ అన్నదీ ఆ కొమ్మకు కాసిన కాయే.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు, చదవడం. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ‘స్టార్ట్స్ ఫ్రమ్ రెస్ట్’ అని ఉంటే తొలి వేగం సున్నా అని గుర్తించక ఆగిపోతుంటారు. లెక్క చదివాక అంకెలు లేకుండా తెలుగులో కథలా చెప్పమనండి. మీకు ఫిజిక్స్ రాకపోయినా ఫర్వాలేదు, మీకు అర్థమయ్యేలా చెబితే అతనికి అర్థమైనట్టే. తెలంగాణ ప్రభుత్వ ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉంటుంది, ఎస్సీఈఆర్టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. భిన్నాలు, ధన రుణ సంఖ్యలు, నిష్పత్తి, సామాన్య సమీకరణాలు, ఈ నాలుగూ చాలు. రోజూ పాతిక నిమిషాలు, అదీ స్కూలు నుంచి వచ్చి ఏదైనా తిన్నాక. పదిన్నర దాకా కూర్చోవడం మాత్రం మాన్పించండి.

ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు మార్చొద్దు, ఏడాది మధ్యలో కొత్త మెటీరియల్, కొత్త సార్లు అంటే మళ్లీ మొదటికొస్తుంది. టెస్టు అయ్యాక పేపర్ పిల్లల చేతికిచ్చి తప్పులు చర్చిస్తారా అని మాత్రం అడగండి. ఇవ్వం అంటే వచ్చే ఏడాది ఫీజు కట్టే ముందు ఆలోచించండి.

ఎంపీసీ నిర్ణయానికి పదో తరగతి అర్ధసంవత్సర పరీక్షల దాకా టైముంది. మూడు నెలలయ్యాక ఆ బ్రేకు లెక్కే 72 కిలోమీటర్లు, 8 సెకన్లు అని మార్చి ఇవ్వండి. రఫ్ వర్క్ చెరిపేయకుండా ఆ కాగితం తీసుకొని ఇద్దరూ రండి.