కారు కొంచెమే దించు

విశాఖపట్నం

చిరంజీవి కార్తీక్‌కు మావయ్య ఆశీస్సులు.

స్విఫ్ట్ ఎత్తుని తక్కువ ఖర్చులో దించాలని ఉందని రాశావు. వద్దనను. కానీ అది రోజూ మధురవాడ నుంచి గాజువాక వెళ్లి రావాల్సిన బండి. 20 మి.మీ. చాలు, ఎంత ఆశపడినా 25 దాటకు. 2018లో వచ్చిన ఆ మోడల్‌కి కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం) 163 మి.మీ. అందులో 25 తీస్తే మిగిలేది 138. ప్రమాణాల ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకరే 100 మి.మీ. ఎత్తుంటుంది, వీధుల్లో జనం సొంతంగా పోయించుకున్నవాటికి లెక్కే లేదు. నలుగురు ఎక్కి డిక్కీ నిండితే ఆ 138 కూడా ఉండదు. సీతమ్మధార వైపు ఏటవాలు వీధుల్లో గేటు ర్యాంపు ఎక్కేటప్పుడైతే ముందుగా గీసుకునేది బంపరు కింది అంచే.

స్ప్రింగులు కోయించుకోమని ఎవరైనా చెబితే వినకు. చవకే, కానీ చెడేది అక్కడే. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒక చుట్టు కోస్తే గట్టిదనం ఐదో వంతు పెరుగుతుంది, పాత షాకబ్జర్ దాన్ని అదుపు చేయలేదు. కోసిన కొస స్ప్రింగు సీటులో, అంటే స్ప్రింగుని పట్టి ఉంచే పళ్లెంలో, సరిగ్గా కూర్చోదు. గోతిలో చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు తప్పుకుంటుంది, మళ్లీ బరువు పడ్డప్పుడు ఎక్కడ కూర్చుంటుందో చెప్పలేం. గ్యాస్ మంటతో కాల్చి కుంగదీయడం ఇంకా ఘోరం. ఉక్కుకు పెట్టిన పదును పోయి, ఒక వైపు ఎక్కువ దిగి, ఏదో ఒక రోజు విరుగుతుంది.

నీ మోడల్‌కే తయారైన లోయరింగ్ స్ప్రింగులు నాలుగూ కలిపి కొను. ఊరూ పేరూ లేని కాయిలోవర్ల (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకబ్జర్ జతల) జోలికి పోకు. మన సముద్రపు గాలికి వాటి మరలు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి, ఎత్తు మార్చుకునే సౌకర్యం పేరుకే మిగులుతుంది. షాకబ్జర్‌కి నూనె చెమ్మ కనిపించినా, ఫెండర్ (చక్రం మీది రేకు) నొక్కి వదిలాక బండి ఒకసారి లేచి ఆగకుండా ఊగుతున్నా వాటినీ మార్చాలి. ఆటోనగర్‌లో పాత షాకబ్జర్లు దొరుకుతాయి, కానీ ఎంత అరిగాయో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. వాటికి డబ్బు పెట్టకు. ఎలాగూ స్ట్రట్ (ముందు చక్రం దగ్గర స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఉండే భాగం) విప్పుతున్నాం కాబట్టి పై మౌంటు, దాని బేరింగు, దుమ్ము తొడుగు, బంప్ స్టాప్ (షాకబ్జర్ అడుగంటకుండా ఆపే మెత్తటి దిమ్మ) కొత్తవి వేయించు. కూలి మళ్లీ ఇవ్వక్కర్లేదు. బంప్ స్టాప్‌ని స్ప్రింగుల కంపెనీ చెప్పినంత మేరే కత్తిరించాలి, సన్నటి కొస ఉంచాలి. దాన్ని పూర్తిగా తీసేస్తే గోతిలో పడ్డప్పుడు షాకబ్జర్ లోపల ఇనుము ఇనుముకు కొట్టుకుంటుంది.

కొనే ముందే ఇన్సూరెన్స్ వాళ్లని రాతపూర్వకంగా అడుగు, ఆర్.టి.ఓ. ఆఫీసులోనూ కనుక్కో. ఆర్.సి.లోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది.

విప్పక ముందు చదును నేల మీద నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకో. నేల నుంచి కొలిస్తే టైరు గాలి లెక్క తప్పిస్తుంది. ముందు రోజే బోల్టులకు తుప్పు వదిలించే స్ప్రే కొట్టించు.

బండిని జాకీ మీద వదలకూడదు, స్టాండులు పెట్టాలి. బ్రేకు హోసు, ఏ.బి.ఎస్. వైరు స్ట్రట్ నుంచి విడదీశాకే స్ట్రట్‌ని కిందకు లాగాలి. నకిల్‌ని (చక్రం బిగించే ఇనుప భాగాన్ని) హోసుకి వేలాడనివ్వకుండా తీగతో కట్టు. నకిల్‌కి స్ట్రట్ పట్టే రెండు బోల్టుల దగ్గరా గుర్తు గీయించు. స్ప్రింగుకి ఎదురెదురుగా రెండు క్లాంపులు వేసి, అది పై ప్లేటు నుంచి వదులయ్యేదాకా సమంగా బిగించిన తర్వాతే పై నట్టు విప్పాలి. ఆ స్ప్రింగు ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది, మెకానిక్ ఎంత తొందరపడినా ఇక్కడ ఆపు. వెనక సులువే. షాకబ్జర్ల కింది బోల్టులు తీసి, బ్రేకు హోసులు సాగకుండా చూసుకుంటూ బీమ్‌ని (వెనక చక్రాలు రెంటినీ కలిపే దూలాన్ని) జాకీతో నెమ్మదిగా దించితే స్ప్రింగులు చేతికొస్తాయి. రబ్బరు సీట్లు మళ్లీ వాటి చోట్లోనే పెట్టించు.

చాలామంది వదిలేసే పని ఇంకొకటుంది. లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చేయి) బుష్‌ల, అంటే దాని రబ్బరు కీళ్ల, బోల్టులు, వెనక బీమ్ బోల్టులు వదులు చేసి, బండి బరువు చక్రాల మీద పడ్డాక బిగించాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. లోయర్ ఆర్మ్ ఎలా ఉందో కూడా అప్పుడే చూడు. చక్రం వైపు కాస్త కిందికి వాలి ఉంటే మంచిదే. చక్రం వైపే పైకి లేచిందంటే ఎక్కువ దించేశారు. అలాంటి బండి మలుపుల్లో తక్కువ ఒరగడం మాట అటుంచి, అనంతగిరి ఘాట్‌లో ఇంకా ఎక్కువ ఒరుగుతుంది.

బిగించిన రోజే అలైన్‌మెంట్ చేయించు, స్ప్రింగులు కూర్చున్నాక, అంటే 500 కి.మీ. దగ్గర, మరోసారి. దించితే క్యాంబర్ (ఎదురుగా చూస్తే కనిపించే చక్రం వాలు) కొంచెం లోపలికి మారుతుంది, టో (పైనుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండడం) కూడా మారుతుంది. టైర్లను తినేది ముఖ్యంగా టోనే. అరచేత్తో టైరు మీద అడ్డంగా రాసి చూడు. ఒక దిక్కు నున్నగా, తిరుగు దిక్కు రంపంలా తగిలితే టో తప్పింది. లోపలి అంచు మాత్రమే నున్నగా అరిగితే క్యాంబర్. వెనక బీమ్‌కి ఈ సర్దుబాట్లు ఉండవు. హెడ్‌లైట్ల దిశ కూడా చూపించు.

బీచ్ రోడ్డులో తిరిగితే వారానికోసారి కింద మంచినీళ్లు కొట్టు. స్ప్రింగు మీద రంగు లేచిన చోట వెంటనే పూయి, స్ప్రింగు విరగడం ఆ తుప్పు మచ్చ దగ్గరే మొదలవుతుంది. 100 కి.మీ. తిరిగాక బోల్టులన్నీ మరోసారి టార్క్ రెంచితో (బిగువు కొలిచే రెంచితో) చూపించు.

మొదటి ఆదివారం నలుగురినీ ఎక్కించుకుని మీ వీధి స్పీడ్ బ్రేకర్ మీదుగా నెమ్మదిగా పో. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, చక్రం గూటి లోపలి ప్లాస్టిక్ మీద టైరు రాసిన గుర్తులున్నాయేమో చూడు. ఉంటే ఆ చోటు ఫోటో తీసి, కొలతలతో పాటు నాకు పంపు.

ఇట్లు
మావయ్య