వీఆర్ ఆడితే కడుపులో తిప్పుతోంది, అలవాటవుతుందా?

మీరు కొత్తగా వీఆర్ హెడ్‌సెట్ (కళ్ళకు తొడుక్కుంటే చుట్టూ గేము లోకమే కనిపించే పరికరం) కొన్నారు, నడిచే గేమ్ పెట్టిన పది నిమిషాలకే తల తిరిగి వాంతి వచ్చేలా ఉంటోంది, ఇది అలవాటవుతుందా లేక అమ్మేసుకోవాలా అని అడిగారు. చాలామందికి అలవాటవుతుంది, నాకూ అయింది. కాకపోతే "ఓర్చుకుని ఆడెయ్, అదే పోతుంది" అని చెప్పేవాళ్ళు మీకు చాలామంది తగులుతారు. వాళ్ళ మాట మాత్రం వినకండి. ఎందుకో కింద చెబుతాను.

ముందు అసలు ఏం జరుగుతోందో చూద్దాం. మన చెవి లోపల మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి, తల ఎటు తిరిగిందో అవి పసిగడతాయి. ముందుకూ వెనక్కూ జరగడాన్ని, భూమి లాగడాన్ని కనిపెట్టే భాగాలు వాటి పక్కనే ఉంటాయి. మీరు గదిలో కదలకుండా నిలబడి జాయ్‌స్టిక్ తోస్తే కళ్ళేమో "పరిగెడుతున్నాం" అంటాయి, చెవేమో "ఉన్నచోటే ఉన్నాం" అంటుంది. ఆ గొడవలో కడుపు బలవుతుంది. బస్సులో ఫోన్ చూస్తే వచ్చే వికారం దీనికి సరిగ్గా తిరగేసిన కేసు: అక్కడ చెవికి కదలిక తెలుస్తుంది, కళ్ళకు తెలియదు. అందుకే బస్సు పడనివాళ్ళందరికీ వీఆర్ పడకపోవాలనేమీ లేదు, బస్సులో హాయిగా ఉండేవాళ్ళు వీఆర్‌లో కుదేలవడమూ ఉంది.

ఇదేదో మీ ఒంట్లో లోపం అనుకుని టెన్షన్ పడకండి. 1950లలోనే హెలికాప్టర్ సిమ్యులేటర్లలో శిక్షణ పొందిన పైలట్లకు ఇదే బాధ వచ్చింది. తమాషా ఏమిటంటే, నిజం హెలికాప్టర్ బాగా నడిపిన వాళ్ళే కొత్తవాళ్ళకంటే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. ఒంటికి అసలు కదలిక ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి నకిలీ కదలికను వెంటనే పట్టేసింది.

ఇక అసలు సంగతి. చెవికి వేగం తెలియదు, వేగంలో వచ్చే మార్పు మాత్రమే తెలుస్తుంది. ఒకే వేగంతో తిన్నగా వెళ్తుంటే గొడవ తక్కువ. బయల్దేరినప్పుడు, ఆగినప్పుడు, అన్నిటికంటే మించి మలుపు తిరిగినప్పుడు గొడవ ఎక్కువ. నా విషయంలో ఇది చాలా స్పష్టంగా కనిపించింది. పొడవాటి వరండాలో తిన్నగా నడిచినంతసేపూ బాగానే ఉండేది. మూల దగ్గరికొచ్చి కుడి బొటనవేలితో స్టిక్‌ను పక్కకు తోయగానే లోకమంతా గిర్రున తిరిగేది, ఆ క్షణమే మెడ వెనక వెచ్చగా ఏదో పాకినట్టయ్యేది. నడకకంటే తిరుగుడే నన్ను దెబ్బతీస్తోందని తెలిశాక సగం సమస్య అక్కడికక్కడే తీరింది.

అందుకని మీరు అన్నిటికంటే ముందు చేయాల్సింది గేమ్ సెట్టింగ్స్‌లో స్మూత్ టర్న్ (చూపు ఆగకుండా తిరుగుతూ కనిపించే పద్ధతి) తీసేసి స్నాప్ టర్న్ పెట్టుకోవడం. స్టిక్ తోసిన ప్రతిసారీ చూపు ఒక్కసారిగా 30 లేదా 45 డిగ్రీలు మారిపోతుంది, మధ్యలో తిరగడం కనిపించదు. చూడ్డానికి మోటుగా ఉంటుంది, నిజమే. కానీ కనిపించని తిరుగుడుకు మెదడు గొడవపడదు. ఇంతకంటే మంచి పద్ధతి ఇంకోటుంది: స్టిక్‌తో తిరగడమే మానేసి మీరే ఒళ్ళు తిప్పండి. నిలబడి ఆడినా, తిరిగే కుర్చీలో కూర్చుని ఆడినా సరే. అప్పుడు కన్నూ చెవీ ఒకే మాట చెబుతాయి. కేబుల్ ఉన్న హెడ్‌సెట్ అయితే కాళ్ళకు చుట్టుకోకుండా చూసుకోవాలి, అంతే.

ఇప్పుడు ఓర్చుకోవడం సంగతి. వికారం ఉన్నట్టుండి ఊడిపడదు, ముందే కబురు పెడుతుంది. ఊరికే ఆవులింతలు రావడం, నోట్లో నీళ్ళూరడం, అరచేతులు చెమర్చడం, ముఖం వేడెక్కడం, త్రేన్పులు. వీటిలో ఒక్కటి కనిపించినా హెడ్‌సెట్ తీసేయండి. "ఈ లెవెల్ అయిపోనీ" అనుకోవద్దు. ఒక హద్దు దాటాక తీసినా వెంటనే తగ్గదు, కొందరికి గంటల తరబడి ఉంటుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది: మెదడు హెడ్‌సెట్‌నూ వికారాన్నీ ముడివేసేస్తుంది. ఒక దశలో గేమ్ ఆన్ చేయకముందే, ముఖానికి ఆనే ఆ స్పాంజి వాసనకే నాకు కడుపులో దేవినట్టుండేది. ఒకసారి ఏదైనా పడకపోతే మళ్ళీ దాని పేరెత్తినా ఒంటికి గిట్టదు చూడండి, అలాగన్నమాట. ఆ ముడి విప్పడానికి కొన్నాళ్ళు దాని జోలికే వెళ్ళకుండా, తర్వాత ఒకచోట నిలబడి ఆడే గేములతో మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

అలవాటు కుదరాలంటే ఆడటంతో పాటు మధ్యలో విరామమూ ముఖ్యం. కాబట్టి రోజుకు ఒకసారి, కాసేపే, ఒళ్ళు ఇంకా బాగున్నప్పుడే ఆపేయండి. ఒకరోజు అటూఇటూ అయినా పర్వాలేదు. ఒకే రోజు మళ్ళీ మళ్ళీ పెట్టుకుని "ప్రాక్టీస్" చేస్తే ఉపయోగం లేదు.

ఏ గేముతో మొదలుపెట్టాలంటే, పాటకు తగ్గట్టు కత్తులతో దిమ్మెలు నరికే బీట్ సేబర్ లాంటిది మంచిది. అందులో మీరున్న చోటు కదలదు, దిమ్మెలే మీ దగ్గరికొస్తాయి. క్వెస్ట్ హెడ్‌సెట్లు చేసే మెటా కంపెనీ స్టోర్‌లో గేములకు కంఫర్టబుల్, మోడరేట్, ఇంటెన్స్ అని గుర్తులుంటాయి, మొదట్లో కంఫర్టబుల్ దాటి వెళ్ళకండి. కథ ఉన్న పెద్ద గేమే కావాలంటే 2020లో వచ్చిన హాఫ్-లైఫ్: అలిక్స్‌లో టెలిపోర్ట్ ఉంది: వెళ్ళాల్సిన చోటు చూపిస్తే అక్కడికి చేరిపోతారు, మధ్యలో నడక ఉండదు. ఇంటికొచ్చిన వాళ్ళకు మొట్టమొదట రోలర్ కోస్టర్ పెట్టి చూపించే అలవాటొకటి ఉంది మనవాళ్ళకు. వీఆర్ అంటే జీవితాంతం భయపడేలా చేయడానికి అంతకంటే మంచి దారి లేదు!

హెడ్‌సెట్ సంగతి కూడా ఒకసారి చూసుకోండి. రెండు కంటిపాపల మధ్య దూరానికి తగ్గట్టు లెన్సులు జరపాలి. పెద్దవాళ్ళలో ఇది సగటున 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. క్వెస్ట్ 2 అయితే 58, 63, 68 అని మూడే మెట్లు. అద్దం ముందు స్కేలు పెట్టి కొలుచుకుంటే సరిపోతుంది. ఈ కొలత సరిగ్గా లేకపోతే కళ్ళు లాగడం, నుదురు నొప్పి వస్తాయి, వికారం కూడా పెరగొచ్చు. కంప్యూటర్‌కు కలిపి ఆడుతుంటే ఫ్రేములు (సెకనుకు తెరమీద మారే బొమ్మల సంఖ్య) పడిపోకుండా చూసుకోండి. గ్రాఫిక్స్ తగ్గించినా సరే, సెకనుకు 90 ఫ్రేములు నిలకడగా రావడం ముఖ్యం. తల తిప్పాక బొమ్మ ఒక్క పిసరు ఆలస్యంగా వస్తే ఎంతటివాడికైనా తిప్పుతుంది. ఫోన్ పెట్టుకునే అట్టపెట్టె రకం హెడ్‌సెట్లు తల తిప్పడాన్నే గుర్తిస్తాయి, ముందుకు వంగినా పక్కకు జరిగినా వాటికి తెలియదు. మీది అలాంటిదైతే అది వాడి వీఆర్ పడదని తేల్చేసుకోకండి.

చిన్న చిన్న చిట్కాల్లో నాకు నిజంగా పనిచేసింది ఫ్యాను. ఎదురుగా పెట్టుకుంటే ముఖానికి గాలి తగులుతుంది, పైగా ఎటు తిరిగి ఉన్నామో కూడా తెలుస్తుంటుంది. విగ్నెట్ అనే సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి, కదిలేటప్పుడు చూపు అంచులు నల్లబడతాయి. కంటి కొసల్లో కనిపించే కదలికే ఎక్కువ తిప్పుతుంది కాబట్టి దీనివల్ల తేడా ఉంటుంది. గేములో నడుస్తున్నప్పుడు ఉన్నచోటే అడుగులు వేస్తే కూడా కొందరికి నయం. ప్రయాణానికి వేసుకునే వికారం మాత్రల్లో చాలావాటికి నిద్ర మత్తు ఉంటుంది, ఆట కోసం మందులు అలవాటు చేసుకోవడం నాకైతే నచ్చదు. మైగ్రేన్ గానీ, చెవికి సంబంధించిన బ్యాలెన్స్ సమస్య గానీ ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. బాగాలేదనిపించిన రోజు హెడ్‌సెట్ తీసిన వెంటనే బండి తీయకండి.

స్మూత్ టర్న్ నేను ఇప్పటికీ ఆన్ చేయను. స్పేస్‌షిప్పులు పల్టీలు కొట్టే గేములు నావల్ల కావు, వాటిని వదిలేశాను. నడిచే గేములు మాత్రం ఇప్పుడు గంటసేపు ఆడినా ఏమీ కాదు.