చేప తలల మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది భీమవరం. మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. చేపల ప్లాంట్లలో పారేసే తలలు, పేగుల్లో మంచి కొవ్వు ఆమ్లాలు ఎంత ఉన్నాయో కొలిచే ప్రాజెక్టు చేస్తానంటోంది. ఫార్మా వైపు వెళ్లమంటే వినడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, చేయనివ్వండి. ఫార్మాకి ఇది అడ్డం కాదు. కొవ్వు ఆమ్లాలు కొలిచే గ్యాస్ క్రోమటోగ్రఫీ మిషన్‌తోనే (మిశ్రమాన్ని ఆవిరి చేసి దేనికది విడదీసి చూపే మిషన్) ఫార్మా ల్యాబుల్లో మందుల్లో మిగిలిపోయిన సాల్వెంట్లనూ (తయారీలో వాడిన ద్రావకాలు) కొలుస్తారు. ఇంటర్వ్యూలో చేప గురించి పెద్దగా అడగరు, మిషన్ గురించి అడుగుతారు.

అందుకే ఒక్క విషయం ముందే కనుక్కోమనండి: ఆ మిషన్ వాళ్ల డిపార్ట్‌మెంట్‌లోనే ఉందా, లేక శాంపిల్ బయటికి పంపి రిపోర్టు తెప్పిస్తారా? బయటికి పంపితే థీసిస్‌లో పట్టికలు బాగానే ఉంటాయి, చేతికి మాత్రం పని రాదు. అలా చేసి వచ్చిన పిల్లలు, పీక్ (మిషన్ గీసే గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరం) వంకరగా వస్తే ఏం చూస్తావని అడగ్గానే ఆగిపోవడం చాలాసార్లు చూశాను.

పని ఓపికతో కూడుకున్నది. పొద్దున్నే ఐస్ పెట్టెతో వెళ్లి తలలు తెచ్చుకోవాలి, ఎందుకంటే ఆ మంచి కొవ్వు ఆమ్లాల్లో ముఖ్యమైన ఒమేగా-3 రకాలైన ఈపీఏలో 5, డీహెచ్‌ఏలో 6 డబుల్ బాండ్లు ఉంటాయి కాబట్టి గాలి, వేడి తగిలితే నూనె త్వరగా కంపు కొడుతుంది, లెక్క కూడా తప్పుతుంది. నూరిన ముద్దలో క్లోరోఫామ్, మిథనాల్ 2:1 పాళ్లలో పోసి కలిపి, వడకట్టి, ఉప్పు నీళ్లు చేర్చి వదిలేస్తే రెండు పొరలవుతుంది, కొవ్వు కింది పొరలో ఉంటుంది. దాన్ని తేలిగ్గా ఆవిరయ్యే మిథైల్ ఎస్టర్లుగా మార్చి మిషన్‌కి ఎక్కిస్తే, చిన్న కొవ్వు ఆమ్లాలు ముందు వచ్చేసి డీహెచ్‌ఏ దాదాపు చివర్లో వస్తుంది. ఆ పీక్ మొదటిసారి చూసిన రోజు మీ అమ్మాయి ఇంటికి ఫోన్ చేస్తుంది చూడండి! క్లోరోఫామ్ పని మాత్రం ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబ్ పెట్టె) చేయమనండి.

మన చెరువుల శీలావతి, బొచ్చెల కంటే ట్యూనా, కానాగంతల్లాంటి సముద్రపు చేపల కొవ్వులో ఈపీఏ, డీహెచ్‌ఏ రెండూ ఎక్కువ, ట్యూనా కంటి వెనక కొవ్వులో డీహెచ్‌ఏ మరీ ఎక్కువ. రెండు రకాలూ పక్కపక్కన పెట్టి పోలిస్తే ప్రాజెక్టుకు బలం వస్తుంది.

ఊళ్లోనే ఉద్యోగం కావాలంటే భీమవరంలో ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబ్ ఉంది. కానీ రొయ్యల ఎగుమతికి ముఖ్యంగా చూసేది యాంటీబయోటిక్ అవశేషాలు, అది ఎల్‌సీ-ఎంఎస్ అనే వేరే మిషన్ పని, కాబట్టి అదీ కొంత నేర్చుకోవాలి. పరిశోధన ఇష్టమైతే కొచ్చిలోని సిఫ్ట్‌కి (కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ) విశాఖలో కేంద్రం ఉంది, అక్కడ ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు చూస్తూ ఉండమనండి. ముందు ఈ వారంలోనే గైడ్‌ని కలిసి, మిషన్ మీద తనను స్వయంగా కూర్చోనిస్తారో లేదో అడిగి రమ్మనండి.