రిజిస్ట్రేషన్ చేతికి రాకముందే అప్పు చేయకండి

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఆరేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా వారు ల్యాబ్ టెక్నాలజిస్టు. నాలుగేళ్ల పాప ఉంది. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 78 వేలు వస్తాయి, ఖర్చులు పోను 20 వేల దాకా మిగులుతుంది. ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 9 లక్షలు, 18 తులాల బంగారం ఉన్నాయి. ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడాలని మా కోరిక. 6 లక్షలు కడితే స్కిల్స్ అసెస్‌మెంట్, రిజిస్ట్రేషన్, వీసా అన్నీ తామే చూసుకుంటామని, సగం ముందే ఇవ్వాలని ఒక కన్సల్టెన్సీ వారు అంటున్నారు. ఉద్యోగం మానేసి పరీక్షకు చదువుకోమని కూడా చెబుతున్నారు. తక్కువైన డబ్బుకు పొలం తాకట్టు పెడదామని మా బావగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందుగా పొలం సంగతి చెబుతాను. ఇప్పుడు దాని జోలికి వెళ్లవలసిన అవసరం లేదు. మీ లెక్కలన్నీ వేసి చూశాక, మీ ప్రయాణంలో అన్నిటికన్నా కష్టమైన భాగం ముగిసేదాకా మీరు ఒక్క రూపాయి కూడా అప్పు చేయనక్కర లేదని నాకు తేలింది. అయితే డబ్బు ఏ వరుసలో ఖర్చు పెడతారన్నదాని మీదే ఇదంతా ఆధారపడి ఉంటుంది. కన్సల్టెన్సీ వారు ఆ వరుసనే కలగాపులగం చేసి మీ ముందు పెట్టారు.

వారు ఒకే ప్యాకేజీగా చెప్పిన మూడు పనులూ మూడు వేర్వేరు సంస్థల చేతిలో ఉంటాయి. నర్సుగా పనిచేయడానికి అనుమతి ఇచ్చేది ఆస్ట్రేలియా నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ బోర్డు, దాని తరఫున దరఖాస్తులు చూసేది అఫ్రా. వలస వీసా కోసం మీ అర్హతను మదింపు చేసేది ఆన్‌మ్యాక్ అనే మరో సంస్థ. వీసా ఇచ్చేది అక్కడి హోం అఫైర్స్ శాఖ. అఫ్రా రిజిస్ట్రేషన్ ఉన్న నర్సులకు ఆన్‌మ్యాక్ కుదించిన పద్ధతిలో మదింపు చేస్తుంది కాబట్టి, మీ విషయంలో మొదటి గుమ్మం దాటితే రెండోది చాలా వరకు పత్రాల పనిగానే మిగులుతుంది. మొదటిది దాటకపోతే మాత్రం మిగిలిన రెండింటి మీద పెట్టిన డబ్బు వృథా అవుతుంది. అన్నిటికీ కలిపి ముందే సగం కట్టమనడం మీకు ఎందుకు నష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ మొదటి గుమ్మం సంగతి చూద్దాం. 2020 మార్చి నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో, మన దేశపు బీఎస్సీ నర్సింగ్ చదివినవారు సాధారణంగా రెండు పరీక్షల దారిలో వెళ్లవలసి ఉంటుంది. మొదటిది ఎన్‌క్లెక్స్, కంప్యూటర్ మీద రాసే పరీక్ష. దానికి మన దేశంలోనే కేంద్రాలు ఉన్నాయి. ఫీజు 200 అమెరికన్ డాలర్లు, అమెరికా బయట రాస్తున్నందుకు మరో 150 డాలర్లు, పన్నులు అదనం. రెండోది ఓస్కీ. రోగి పక్కన నిలబడి చేసే పనులను పరీక్షకుల ఎదుట చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష ఇది, దీనికి ఆస్ట్రేలియాకే వెళ్లాలి. ఫీజు 4,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, విజిటర్ వీసా, విమాన టికెట్లు, బస దానికి అదనం. కన్సల్టెన్సీ వారి 6 లక్షల్లో ఈ ఫీజు, ఈ ప్రయాణం కలిసి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి. ఇలాంటి ప్యాకేజీ కాగితాల్లో నేను మొట్టమొదట వెతికేది ఈ పద్దునే.

ఆస్ట్రేలియన్ డాలరుకు 60, అమెరికన్ డాలరుకు 90 రూపాయలు అనుకుని లెక్క వేస్తున్నాను. మొదటి దశలో ఇంగ్లీషు పరీక్షకు 18 వేలు, ఎన్‌క్లెక్స్‌కు పన్నులతో కలిపి 35 వేలు, అఫ్రా దరఖాస్తులు, నేర చరిత్ర తనిఖీ, నర్సింగ్ కౌన్సిల్ పత్రాలు, నోటరీ, కొరియర్లు అన్నిటికీ కలిపి లక్షా 20 వేలు కేటాయించండి. ఇదంతా దాదాపు 1.7 లక్షలు. రెండో దశలో ఓస్కీ ఫీజు 2.4 లక్షలు, ప్రయాణానికీ బసకూ 2 లక్షలు, మొత్తం 4.4 లక్షలు. మూడో దశ వీసా. స్వతంత్ర నైపుణ్య వీసా అయిన 189కి 2025 జూలై నుంచి మీకు 4,910, మీ వారికి 2,455, పాపకు 1,230 డాలర్లు, అంటే 5.16 లక్షలు. ఆన్‌మ్యాక్ మదింపు, వైద్య పరీక్షలు, పోలీసు క్లియరెన్స్ కలుపుకుంటే 6 లక్షలు దాటుతుంది. ఈ ఫీజులను ఏటా జూలై 1న పెంచుతారు కాబట్టి కట్టబోయే నాటి రేటు ఆ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

మీ 9 లక్షల్లో లక్షన్నరను ఇంటి అత్యవసరాలకని పక్కన పెట్టి, దాన్ని ఈ ప్రయాణానికి లేనట్టే భావించండి. మిగిలిన 7.5 లక్షల్లోంచి మొదటి రెండు దశలకూ 6.1 లక్షలు పోతే ఇంకా 1.4 లక్షలు ఉంటాయి. ఈ రెండు దశలకు ఏడాదిన్నర పడుతుందనుకుంటే, నెలకు 20 వేల చొప్పున మరో 3.6 లక్షలు చేరతాయి. అంటే రిజిస్ట్రేషన్ చేతికి వచ్చేనాటికి మీ దగ్గర 5 లక్షలు ఉంటాయి, అప్పు ఉండదు. వీసా దశకు మరో లక్ష, అక్కడ అడుగు పెట్టాక మొదటి నెలల అద్దెకూ ఖర్చులకూ ఓ 4 లక్షలు తక్కువ పడతాయి. తక్కువ పడే ఈ 5 లక్షలకు మీ బంగారం మీద బ్యాంకులో రుణం తీసుకోవచ్చు. మీరు నర్సుగా ఉద్యోగం చేయగలరని ఆస్ట్రేలియా బోర్డు ఒప్పుకున్న తర్వాత చేసే అప్పు అది. ఎన్‌క్లెక్స్ ఫలితం కూడా రాకముందు పొలం మీద చేసే అప్పుకు తీర్చే దారి ఉండదు. వీసా ఫీజును, దరఖాస్తు చేయమని హోం అఫైర్స్ శాఖ నుంచి ఆహ్వానం వచ్చిన తర్వాతే కట్టాలి, అందుకు 60 రోజుల గడువు ఉంటుంది కాబట్టి, ఆ డబ్బు అంతవరకు చిన్న కాలపు ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి.

ఉద్యోగం మానేయమన్న సలహాను మాత్రం గట్టిగా కాదంటున్నాను. గడచిన ఐదేళ్లలో కనీసం 450 గంటలు నర్సుగా పనిచేసి ఉండాలని బోర్డు నియమం. వీసాకు వయసు, చదువు, ఇంగ్లీషు వంటివాటికి ఇచ్చే పాయింట్లలో అనుభవానికీ విలువ ఉంది. పైగా మీరు మానేస్తే నెలనెలా మిగిలే 20 వేలూ ఆగిపోయి, ఇల్లు గడవడానికే దాచుకున్న డబ్బులోంచి తీయవలసి వస్తుంది, పైన వేసిన లెక్క అంతా అక్కడే కూలిపోతుంది. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఏ ఫీజూ కాదు, పోగొట్టుకునే జీతం. నైట్ డ్యూటీలు తగ్గించుకోవడానికో, పరీక్షకు ముందు రెండు నెలలు జీతం లేని సెలవు పెట్టడానికో ఆసుపత్రి వారితో మాట్లాడండి.

ఇంగ్లీషు పరీక్ష దగ్గర చాలామంది గమనించని ఒక మెలిక ఉంది. 2025లో అఫ్రా ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ స్కోరును 6.5కు తగ్గించింది, మిగిలిన మూడింటిలో 7 చొప్పున రావాలి. రిజిస్ట్రేషన్‌కు అది చాలు. వీసా పాయింట్ల దగ్గర మాత్రం ఇంగ్లీషుకు 10 పాయింట్లు రావాలంటే నాలుగింటిలోనూ 7 ఉండాలి. మీ లెక్క చూడండి. వయసుకు 30, డిగ్రీకి 15, ఇంగ్లీషుకు 10, ఐదేళ్లు దాటిన అనుభవానికి 10, మీ వారు ఇంగ్లీషు పరీక్ష పాసైతే మరో 5, మొత్తం 70. కనీసం 65 ఉంటేనే దరఖాస్తు సాగుతుంది. రైటింగ్‌లో 6.5తో సరిపెట్టుకుంటే 60కి పడిపోతారు. మీకు 33 నిండగానే వయసు పాయింట్లు 25కు తగ్గుతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. అందుకే రైటింగ్‌కు మంచి కోచింగ్ కోసం మరో పది పదిహేను వేలు పెట్టినా నేను తప్పుపట్టను. ఈ మొత్తం ఖర్చులో అంతకన్నా లాభసాటి పెట్టుబడి నాకు కనిపించడం లేదు.

మీ వారి సంగతి వేరు. మెడికల్ ల్యాబ్ సైంటిస్టులకు ఆస్ట్రేలియాలో అఫ్రా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. వలస కోసం ఎయిమ్స్ అనే అక్కడి వృత్తి సంస్థ అర్హత మదింపు చేస్తే సరిపోతుంది. ఆ మదింపు పూర్తయి, వీసాకు అర్హమైన వృత్తుల జాబితాల్లో మీ వృత్తి ఉన్న జాబితాలోనే ఆయన వృత్తి కూడా ఉంటే మీకు 5కు బదులు 10 పాయింట్లు వస్తాయి. కానీ ఆ అదనపు 5 పాయింట్ల కోసం ఇప్పుడే ఖర్చు పెట్టకండి. మీ ఓస్కీ అయ్యాక, పాయింట్లు నిజంగా తక్కువ పడితే అప్పుడు ఆలోచించవచ్చు. ఇప్పటికి ఆయన ఇంగ్లీషు పరీక్షకు తయారైతే చాలు.

డబ్బు కన్నా ముందు ఈ నెలలోనే మొదలుపెట్టవలసిన పని పత్రాలది. మన వాళ్లకు ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ఉంటుంది, పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు చేరుతుంది, నర్సింగ్ కౌన్సిల్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటుంది. ఇవన్నీ ఒకే మనిషివని అఫిడవిట్‌తో, పెళ్లి సర్టిఫికెట్‌తో ముందే నిరూపించి పెట్టుకుంటే, దరఖాస్తు మధ్యలో నెలల తరబడి ఆగే బాధ తప్పుతుంది. ఆసుపత్రి జీతంలో కొంత భాగం చేతికి నగదుగా ఇస్తుంటే, మొత్తం బ్యాంకు ఖాతాలోనే వేయమని అడగండి. మీ అనుభవాన్ని పే స్లిప్పులు, పీఎఫ్ వివరాలు, ఫారం 16, మీ విధులను వివరంగా రాసిన లెటర్‌హెడ్ ఉత్తరం చూసే లెక్కకడతారు.

ముందు ఐర్లాండ్‌కో సింగపూర్‌కో వెళ్తే పరీక్షలే ఉండవని కూడా ఎవరైనా మీకు చెప్పవచ్చు. అందులో నిజం ఉంది. 2017 జనవరి తర్వాత బ్రిటన్, ఐర్లాండ్, అమెరికా, సింగపూర్, స్పెయిన్, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, ఒంటారియోలలో ఎక్కడైనా రిజిస్టరై 1,800 గంటలు పనిచేసిన నర్సులకు 2025 ఏప్రిల్ నుంచి ఆస్ట్రేలియా పరీక్షలు లేని దారి తెరిచింది. కానీ ఆయా దేశాల రిజిస్ట్రేషన్‌కూ ఫీజులు, నియమాలు ఉంటాయి, సంసారాన్ని రెండుసార్లు తరలించాలి. ఆ దేశంలోనే ఉండిపోవడానికి కూడా మీరు సిద్ధపడితే తప్ప, చిన్న పాపతో ఈ చుట్టుదారి మీకు చవక కాదని నా అభిప్రాయం.

కన్సల్టెన్సీ సహాయం అసలు వద్దని నేను అనడం లేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం వద్ద నమోదైన మైగ్రేషన్ ఏజెంట్లకు ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, ఆ నంబరుతో ఆన్‌లైన్‌లో వారిని సరిచూసుకోవచ్చు. అలాంటివారిని వీసా దశకు మాత్రమే, పని పూర్తయిన కొద్దీ వాయిదాల్లో చెల్లించే ఒప్పందంతో పెట్టుకోండి. అఫ్రా దరఖాస్తు మీ సొంత ఈమెయిల్‌తో మీరే తెరవండి, పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ వచ్చాక ఏదైనా ఆసుపత్రి నేరుగా మీకు స్పాన్సర్‌షిప్ ఇవ్వజూపితే, ఆ స్పాన్సర్‌షిప్ కోసం ఎవరైనా మీ దగ్గర డబ్బు అడగడం అక్కడి చట్టం ప్రకారం నేరమని తెలుసుకోండి. స్పాన్సర్ చేసినందుకు ప్రభుత్వానికి కట్టే శిక్షణ నిధి లెవీ కూడా యజమానిదే, దాన్ని మీ మీద వేయడానికి వీల్లేదు.

డబ్బు పంపే విషయంలో ఒక చిన్న మాట. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరు విదేశాలకు పంపే మొత్తం 10 లక్షలు దాటితే, చదువు, వైద్యం కాని అవసరాలకు ఆ దాటిన భాగం మీద బ్యాంకు టీసీఎస్ అనే పన్నును 20 శాతం ముందుగానే పట్టుకుంటుంది. అది రిటర్నులో తిరిగి సర్దుబాటవుతుంది, కానీ అంతవరకు డబ్బు ఇరుక్కుపోతుంది. మీ ఖర్చులు దశలవారీగా, రెండు సంవత్సరాల్లో జరుగుతాయి కాబట్టి ఆ పరిమితి లోపే ఉంటారు.

చివరిగా, ఎన్‌క్లెక్స్ ఎన్నిసార్లు, ఓస్కీ ఎన్నిసార్లు రాస్తారో మీరూ మీ వారూ ఇప్పుడే కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఎన్‌క్లెక్స్ తప్పితే మళ్లీ రాయడానికి 45 రోజులు ఆగాలి, ఫీజు మళ్లీ కట్టాలి, దాన్ని మీరు భరించగలరు. ఓస్కీ తప్పితే మరో 4.4 లక్షలు కావాలి, అంటే వీసా దశ ఏడాదికి పైగా వెనక్కి జరుగుతుంది. నా లెక్కలో మీరు ఎన్‌క్లెక్స్ మూడుసార్లు, ఓస్కీ రెండుసార్లు తట్టుకోగలరు. అంతకు మించిన ప్రయత్నానికి బంగారం తీయవలసి వస్తే, ‘ఇప్పటికే ఇంత పెట్టాం కదా’ అన్న మాట మీద కాకుండా, మీకు వచ్చిన ఫలితాల వివరాలు చూసుకుని నిర్ణయించుకోండి. మీ బావగారికి కూడా ఆ కాగితం చూపించండి. పొలం ఇవ్వడానికి ముందుకు వచ్చిన మనిషికి, దాని అవసరం ఎందుకు లేదో లెక్కలతో సహా చెప్పడం మర్యాద.