అమ్మ ఫ్లాటుకు ఎంతొస్తుంది?

ప్రశ్న: అమ్మ పోయాక ఆమె ఉన్న రెండు గదుల ఫ్లాటు నాకూ తమ్ముడికీ వచ్చింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కట్టి 22 ఏళ్ళయింది. కాగితాల్లో 780 చదరపు అడుగులని ఉంది. మొదటి అంతస్తులో ఒక ఫ్లాటు ఈమధ్య మంచి ధరకు పోయిందని, మనదీ అంతే పలుకుతుందని తమ్ముడి వాదన. అందులో ఎనభై శాతం కూడా రాదని బ్రోకర్ అంటున్నాడు. అమ్మాలా, అద్దెకివ్వాలా తేలక టెన్షన్‌గా ఉంది. విలువ మేమే అంచనా వేసుకోవడం ఎలా? బాత్‌రూమ్ పక్క గోడకు చిన్న మరక ఉంది. రంగు వేయించేస్తే చాలునా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఒక టేపు సంపాదించండి. ఇరవై ఆరేళ్ళు ఇళ్ళకు విలువ కట్టాను. కాగితంలో ఉన్న విస్తీర్ణమూ టేపుకు వచ్చిన విస్తీర్ణమూ ఒకటే అయిన ఇల్లు అరుదుగా తగిలింది. గోడ లోపలి వైపు నుంచి ఎదుటి గోడ లోపలి వైపు దాకా, నేలకు ఆనించి, టేపు వేలాడకుండా పట్టుకుని కొలవండి. బాల్కనీ లెక్క విడిగా రాసుకోండి. బీరువా అడ్డొస్తే ఉజ్జాయింపుగా రాయొద్దు, జరిపి కొలవండి. వెనకాల ఏముంటుందిలే అని నేనొకసారి రాసేశాను. తర్వాత చూస్తే అక్కడ అడుగు మందాన స్తంభం పొడుచుకొచ్చి ఉంది.

మీ 780లో గోడల మందం, మెట్లలో మీ వాటా కూడా కలిసి ఉండొచ్చు. టేపుకు 612 వచ్చినా కంగారు పడకండి. ఏ కొలత వాడినా ఫర్వాలేదు, పోల్చే ఇళ్ళన్నిటికీ అదే వాడాలి, అంతే. కింది ఫ్లాటు రేటును దాని కాగితాల విస్తీర్ణం మీద లెక్కగట్టి, ఆ రేటుతో మీ 612ను గుణించారంటే కూర్చున్న చోటే ఐదో వంతుకు పైగా పోగొట్టుకుంటారు. మీ బ్రోకర్ చెప్పే ఎనభై శాతం ఇలా పుట్టిందేమో, ఓసారి అడిగి చూడండి.

ఇక మీ తమ్ముడి మాట. కింది ఫ్లాటు మంచి ఆధారమే, కానీ దాని ధరను ఉన్నదున్నట్టు తెచ్చి మీ ఇంటికి తగిలించకూడదు. అది 100కి పోయిందనుకుందాం. దానికి పార్కింగ్ ఉండి మీకు లేకపోతే 6 తీసేయండి. మీకు రెండంతస్తుల మెట్లు ఎక్కువ కాబట్టి ఇంకో 5. వాళ్ళు వంటగది కొత్తగా చేయించి ఉంటే 3. డబ్బు అవసరం పడి హడావిడిగా అమ్మారా? అలాగైతే వాళ్ళకు రావలసినంత రాలేదన్నమాట, 4 కలపండి. 90 తేలింది. ఈ 6, 5 అంకెలు నేను ఉదాహరణకు వేసినవి. మీ దగ్గర్లో పార్కింగ్ ఉన్న ఫ్లాటు ఒకటి, లేనిది ఒకటి ఎంతెంతకు పోయాయో కనుక్కుంటే అసలు తేడా తెలుస్తుంది.

ఇలా కనీసం మూడు అమ్మకాలు చూడండి, ఆరేడు నెలల లోపువైతే మేలు. ఒకటి 90, ఒకటి 94, ఇంకొకటి 87 చూపిస్తే మీ ఫ్లాటు ధర 87కీ 94కీ మధ్య ఉన్నట్టు. ఒకే అంకె కావాలని పట్టుబట్టకండి, అంత కచ్చితంగా చెప్పేవాళ్ళను నేను నమ్మను. ప్రకటనల్లో కనిపించేవి అడిగే ధరలు, చేతులు మారినవి కావు. ఐదు నెలలుగా అదే ప్రకటన కనిపిస్తోందంటే ఆ ధరకు ఎవరూ కొనడం లేదని మాత్రం తెలుస్తుంది. మీ బ్రోకర్ చేతి మీదుగా ఈమధ్య ఏవేవి అమ్ముడయ్యాయో, ఎంతకో, ఎన్నాళ్ళు పట్టిందో అడగండి. నీళ్ళు నమిలితే ఇంకొకరిని చూసుకోండి.

అద్దె సంగతి వేరు. కొనేవాళ్ళు, వాళ్ళకు అప్పిచ్చే బ్యాంకు, కట్టడం వయసు చూస్తారు, కాగితాలు చూస్తారు. అద్దెకు వచ్చేవాళ్ళకు 22 ఏళ్ళతో పెద్దగా పనిలేదు. కుళాయి తిప్పి చూస్తారు, కిటికీ తీసి చూస్తారు, ఆఫీసుకు ఎంతసేపని అడుగుతారు. మూడో అంతస్తంటే కొనేవాళ్ళలో పెద్దవయసు వాళ్ళు గుమ్మం దాకా కూడా రారు. ఉద్యోగంలో కొత్తగా చేరిన జంటకు ఆ మెట్లు లెక్కలోకి రావు. అందుకే మీలాంటి చిన్న ఇంటికి ధరలో పడే దెబ్బ అద్దెలో అంతగా పడదు.

అద్దె కనుక్కునేటప్పుడు ఈమధ్య చేరినవాళ్ళనే అడగండి. పదేళ్ళుగా ఉంటున్నవాళ్ళది చాలాసార్లు పాత అద్దే. ఆశకు పోయి ఎక్కువ చెప్పకండి. నెలకు 10 వచ్చే ఇంటికి 11 చెప్పి, దానికోసం రెండు నెలలు ఖాళీగా పెడితే ఏడాదికి 110 వస్తుంది. వెంటనే 10కి ఇస్తే 120. ఈ తప్పు నా సొంత ఇంటికి నేనే చేశాను, నాలుగు నెలలు తాళం వేలాడింది. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు విలువ కట్టే మనిషివి కదా అని ఇంట్లో ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మితే 90, అద్దె నెలకు 0.4 అనుకుందాం. ఏడాదికి 4.8. ఒక నెల ఖాళీ 0.4, పన్ను, మెయింటెనెన్స్ 0.6, రిపేర్లు 0.5 పోగా మిగిలేది 3.3, అంటే 90 మీద దాదాపు 3.7 శాతం. అమ్మిన డబ్బు మీ ఇద్దరూ ఎక్కడ పెడదామనుకుంటున్నారో, అక్కడ పన్ను పోగా ఎంతొస్తుందో దీనితో పోల్చుకోండి. ఇంటి ధర పెరగొచ్చు కూడా, నిజమే. కానీ అది పెరిగేదాకా అద్దెవాళ్ళ ఫోన్లు ఎవరెత్తుతారో అక్కాతమ్ముళ్ళు ముందే తేల్చుకోవాలి.

మరక మీద మాత్రం రంగు వేయించొద్దు. ఇల్లు చూడ్డానికి వెళితే నేను బాత్‌రూమ్ పక్క గోడకు చేతి వెనక వైపు ఆనిస్తాను. తడి ఉంటే ఎంత మంచి రంగు కిందున్నా చల్లగా తగులుతుంది. కొత్త రంగు ఆ ఒక్క గోడకే ఉంటే అనుమానం ఇంకా పెరుగుతుంది. కొనేవాడు ఆ వంకతో, రిపేరు ఖర్చుకు ఎన్నో రెట్లు తగ్గించమంటాడు. పైపు కారుతోందేమో ప్లంబర్‌కు చూపించి, బాగుచేయించి, గోడ పూర్తిగా ఆరాకే రంగు. కొత్త టైల్సు, కొత్త వంటగది జోలికి వెళ్ళకండి, పెట్టిందంతా తిరిగి రాదు.

కొలవడానికి ఆదివారం మీ తమ్ముణ్ణీ రమ్మనండి. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఎలాగూ ఇంకో మనిషి కావాలి.