బియ్యం డబ్బాలో ఫోను

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూసేసి, అమ్మమ్మగారి ఊళ్లో కూర్చుని నవల రాస్తానన్నావు. సంతోషం. ఆ సంగతి ముందుగా ఫేస్‌బుక్‌లోనే ప్రకటించావని మా అబ్బాయి చెప్పాడు. నాలుగు వందల మంది శుభాకాంక్షలు చెప్పారట, వాళ్లకు పేరుపేరునా జవాబిస్తూ ఇంకో వారం అక్కడే ఉండిపోయావట! వెక్కిరిస్తున్నాననుకోకు. వెళ్లొస్తామని చెప్పి గుమ్మంలో గంటసేపు నిలబడి మాట్లాడే చుట్టంలాగా నేనూ నా వీడ్కోలు పోస్టు కింద మూడు రోజులు తచ్చాడినవాణ్ణే.

నేను మానేసి ఎనిమిదేళ్లయింది. మొదటి వారం ఫోను ఎక్కడ పెట్టినా చేయి అటే పోయేది. చివరికి బియ్యం డబ్బా అడుగున దాచాను. మర్నాడు మా ఆవిడ బియ్యం కొలుస్తుంటే సోలకు ఠంగుమని తగిలింది. పైకి తీసి, కొంగుతో తవుడు తుడిచి, నా ముందు పెట్టి, "కథ రాయాలంటే దీన్ని దాచాలా, మిమ్మల్ని దాచాలా?" అంది. ఆమెకు ఇంకా జవాబు బాకీ ఉన్నాను.

పాల్ మిల్లర్ అనే అమెరికన్ పాత్రికేయుడి సంగతి విను. 2012 మే 1 నుంచి ఏడాదిపాటు ఇంటర్నెట్ ముట్టకుండా గడిపాడు. అందుకు అతను పనిచేసే 'ది వెర్జ్' అనే టెక్నాలజీ వార్తల సైటే జీతమిచ్చింది. మొదటి నెలల్లో బాగా చదివాడు, బాగా రాశాడు, కాస్త సన్నబడ్డాడు కూడా. తర్వాత సోఫాలో పడి వీడియో గేములు ఆడటం మొదలుపెట్టాడు. పోస్టులో వచ్చే ఉత్తరాలు చూసి మొదట మురిసిపోయినవాడికి, కొన్నాళ్లకు అవీ ఈమెయిళ్లలాగే బరువయ్యాయి. ఇదంతా దాచుకోకుండా తనే రాశాడు. నన్నడిగితే ఆ ఏడాదికి దక్కిన ఫలం ఆ వ్యాసమే.

మరి ఎందుకు మానాలంటావా? విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఒకరోజు పార్వతీపురం బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఒక పెద్దాయన, ఒళ్లో కొత్త ప్రెషర్ కుక్కరు. అట్టపెట్టె లేదు, మూత విడిగా చేత్తో పట్టుకున్నాడు. విజిల్‌ను మాత్రం చేతిరుమాల్లో మూటకట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. అరగంటలో నాలుగుసార్లు జేబు తడుముకుని, మూట విప్పి, చూసుకుని, మళ్లీ ముడి వేశాడు. ఐదోసారి నా వైపు తిరిగి, "ఇది పోతే విడిగా అమ్ముతారా బాబూ?" అన్నాడు. అమ్ముతారన్నాను. అయినా మూట విప్పి చూసుకున్నాడు.

పాత రోజులైతే బస్సెక్కేలోపే ఆ నాలుగు ముక్కలూ ఫేస్‌బుక్‌లో పెట్టేసేవాణ్ణి. దిగేసరికి 'తండ్రి ప్రేమ' అని ఒకరు, 'కళ్లు చెమర్చాయి సార్' అని మరొకరు. కుక్కరు కూతురి కోసమని ఆయన అనలేదు. ఎవరికోసమో నేనూ అడగలేదు. కానీ అంతమంది అన్నాక నేనూ అదే నమ్మేవాణ్ణి, దాంతో ఆయన పని అయిపోయేది. ఆవకాయ కలిపితే మూడో రోజుదాకా మూత తీయరు. నేనేమో మూడో నిమిషానికే అందరికీ రుచి చూపించేవాణ్ణి. ఫోను లేదు గనక ఆ మూట ఏడాదిన్నర నాతోనే ఉండిపోయింది. ఎట్టకేలకు కథలోకి వచ్చేసరికి, ఆ కుక్కరు భార్య పోయాక వంట నేర్చుకుంటున్న మనిషిదైంది.

అలాగని పాతకాలాన్ని నెత్తిన పెట్టుకోను. కాగితానికి ఒకవైపే రాసి, కథ సొంతమేనని హామీపత్రం జతచేసి, తిప్పిపంపడానికి స్టాంపులంటించిన కవరు పెట్టి వారపత్రికకు పంపేవాళ్లం. జవాబుకు మూడు నెలలు. ఆ ఎదురుచూపుల్లో విసిగి కలం మూసేసిన ఆడవాళ్లు నాకు తెలుసు. నెట్ వచ్చాక వాళ్లలో కొందరికి దారి దొరికింది. కాకపోతే ఆ మూడు నెలల్లో నా కథ నాకే పరాయిదయ్యేది. తిరిగొచ్చిన కవరు విప్పగానే తప్పులు వాటంతటవే కనపడేవి.

వీలైతే ఒకసారి శ్రీకాకుళం వెళ్లు. కథకులు కాళీపట్నం రామారావు గారు తెలుగు కథల కోసం 1997లో నెలకొల్పిన గ్రంథాలయం, కథానిలయంలో కూర్చుని పాత పత్రికలు తిరగెయ్యి. ఏ కథ కిందా అది ఎంతమందికి నచ్చిందో చెప్పే అంకె ఉండదు. అక్కడి కథలు ఎన్నో ఇప్పుడు నెట్‌లోనూ దొరుకుతాయి, ఆ మాట నీ దగ్గర దాచను. అయినా వెళ్లు.

ఇక ఇంటి సంగతులు. ఫోను నంబరు వదిలేయకు. బ్యాంకు ఓటీపీకి, గ్యాసు బుకింగుకు, అమ్మమ్మకు రాత్రిపూట బాగోకపోతే ఎవరినైనా పిలవడానికి అది కావాలి. సిమ్ తీసి బటన్ ఫోనులో వెయ్యి. పగలు నిద్ర ముంచుకొస్తుంది, మొదటి నెల రాకుండా ఉండదు. పడుకో.

మొదటి అధ్యాయం అయ్యాక పోస్టులో పంపు. రిజిస్టరు పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, కౌంటరు దగ్గర పాత పేరు అడిగి చీవాట్లు తినకు. ఎడమవైపు రెండు వేళ్ల వెడల్పు మార్జిన్ వదులు. చదవడానికి నాకు నెల పడుతుంది. ఈలోపు 'చదివారా' అని ఫోను చేస్తే మా ఆవిడే ఎత్తుతుంది. బియ్యం డబ్బా కథ ఆమె నోటే వినాలి.

మీ మాస్టారు